పటం మీద గీత, పొలం మీద గట్టు



ఈ పూట మీతో ముచ్చటించదలచిన విషయం పేరు వింటే, ఇదేదో ఇంజనీర్ల వ్యవహారం, మనకెందుకులే అనిపించవచ్చు. పట్టణాలు పెరుగుతున్నాయి, పొలాలు తరుగుతున్నాయి. ఈ పెరుగుదల అడ్డూ అదుపూ లేకుండా పోకుండా ప్రభుత్వంవారు ఒక పటం తయారుచేస్తారు. ఈ భాగం ఇళ్ళకు, ఈ భాగం అంగళ్ళకు, ఇది పరిశ్రమలకు, ఇది వ్యవసాయానికి అని ఆ పటం మీద గీతలు గీసి రంగులు వేస్తారు. దీనినే భూ వినియోగ మండలాల విభజన అంటారు. వాడుకలో మనం 'జోను' అంటాం. ఆ పటానికి మాస్టర్ ప్లాన్ అని పేరు. ఆ గీత పట్టణాన్ని నిజంగా ఆపుతుందా? ఇదీ ఈనాటి ప్రశ్న.

నిజానికి ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. ఇల్లు చిన్నదైనా పెద్దదైనా, పొయ్యి ఎక్కడ ఉండాలి, నీళ్ళ బిందెలు ఎక్కడ పెట్టాలి, గొడ్ల కొట్టం ఏ దిక్కున ఉండాలి అని చూసుకునేది మనమే కదా! కొట్టం పక్కన పొయ్యి పెట్టం, మంచినీళ్ళ పక్కన అంట్లు తోమం. ఊరికీ అదే పద్ధతి. బడి పక్కన పొగ గొట్టం ఉండకూడదు, చెరువు మీద కాలనీ లేవకూడదు. అయితే ఇంట్లో మన మాటకు విలువ ఎందుకు ఉంటుందంటే, రోజంతా అక్కడ మెలిగేది మనం గనుక. పట్టణం పటం గీసేవారు ఆ పొలాల్లో మెలిగేవారు కారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మా జహీరాబాదు సంగతి చెబుతాను. హైదరాబాదు నుంచి బొంబాయి పోయే పెద్ద రోడ్డు మీద, నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న పట్టణం మాది. బీదరు పట్టణం ఇక్కడికి దగ్గరే. చుట్టూ ఎర్ర నేలలు, అక్కడక్కడా నల్ల నేలలు. ఎక్కువ భాగం వానను నమ్ముకున్న సేద్యం. జొన్న, కంది, శనగ, కుసుమ పండుతాయి. నీళ్ళున్న చోట చెరకు, అల్లం, ఆలుగడ్డ వేస్తారు. 1980లలో ఇక్కడ ఆల్విన్ నిస్సాన్ వారి బండ్ల కర్మాగారం వెలిసింది. తరువాత అది మహీంద్రా వారి చేతికి పోయింది. ఈనాడు ఇక్కడ ట్రాక్టర్లు తయారవుతున్నాయి. పట్టణం పెరగవద్దని నేననను. మా పిల్లలకు ఆ కర్మాగారాలు అన్నం పెట్టాయి. కాని ఎటు పెరగాలి, ఎవరి మీదుగా పెరగాలి అనేది అడగవలసిన మాటే.

మా ఇంట్లోనే జరిగిన ఒక ముచ్చట వినండి.

కొన్నేళ్ళ కిందట మా వదినె చిట్టీ డబ్బులు ఎత్తి, రెండు గాజులు కుదువపెట్టి, పట్టణానికి అవతల నూట యాభై గజాల ప్లాటు కొన్నది. ముంగట రంగుల బోర్డు, తెల్ల రాళ్ళు, ఎర్రమట్టి రోడ్లు. అమ్మినాయన, "నాలా అయింది వదినమ్మా, ఇంక నీకేం రంది లేదు" అన్నాడు. కాగితం చూపించాడు కూడా. మా వదినె సంతోషంగా రిజిస్ట్రేషన్ చేయించుకున్నది. రెండేండ్లకు ఇల్లు కట్టుకుందామని అనుమతికి పోతే అప్పుడు తెలిసింది. లేఅవుటుకు అనుమతి లేదు, పైగా మాస్టర్ ప్లానులో ఆ భూమి ఇంకా వ్యవసాయ మండలమేనట! కాగితం అబద్ధం కాదు. అది చెప్పిన సంగతి వేరు, మా వదినె అనుకున్న సంగతి వేరు.

ఇది ఒక వైపు. రెండో వైపు కూడా ఉన్నది. ఆ నేల అంతకు ముందు ఒక అవ్వది. రెండెకరాలు. నాకు బాగా తెలిసిన మనిషి. "పిల్ల పెండ్లికి అమ్మిన బిడ్డా. అప్పుడు పైసలు చూస్తే మస్తు అనిపించినయి. మూడేండ్లల్ల అయిపోయినయి. ఇప్పుడు ఆ బోర్డు ముంగట నుంచే కూలికి పోతున్న. భూమి ఉన్నకాడనే ఉన్నది, నేనే లేను" అన్నది. ఆమె పొలం ఇప్పుడు పొలమూ కాదు, ఊరూ కాదు. తెల్ల రాళ్ళ నడుమ తుమ్మలు మొలిచాయి.

చూశారా, ఆ భూమి మీద వ్యవసాయ మండలమన్న రంగు ఉన్నది. ఆ రంగు అవ్వ పొలాన్ని కాపాడలేదు, వదినె డబ్బును కాపాడలేదు. మరి ఎవరికి ఉపయోగపడింది? వ్యవసాయ భూమి ధరకు కొని, ఇంటిస్థలం ధరకు అమ్మినవారికి ఉపయోగపడింది. గీతకు అవతల భూమి చవక, ఇవతల భూమి ప్రియం. ఆ తేడా మీద బతికేవాడికి పటం ఒక ధరల పట్టిక అన్నమాట.

అయితే గీతలన్నీ వ్యర్థమేనా అంటే, అలాగని తీర్పు చెప్పడం న్యాయం కాదు. మన హైదరాబాదు దగ్గరే ఒక గీత చాలా కాలం నిలబడింది. 1908లో మూసీ వరద వచ్చి నగరాన్ని ముంచిన తరువాత గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. ఆ రెండింటికి నీరు చేరే ప్రాంతాన్ని కాపాడడానికి 1996 మార్చిలో ప్రభుత్వం 111వ నెంబరు ఉత్తర్వు ఇచ్చింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేరకు 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు రాకూడదన్నది. లెక్కకు సుమారు 1,32,600 ఎకరాలు. ఒక నూనె పరిశ్రమ ఆ పరిధిలో అనుమతి కోరితే వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2000 డిసెంబరులో కోర్టువారు తాగునీటి పక్షానే నిలబడ్డారు.

ఆ గీత పని చేసిందనే చెప్పాలి. దానికి దగ్గరలోనే ఉన్న కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం ధర నూరు కోట్లు దాటింది. అంత ఒత్తిడి పక్కనే ఉండగా, అవతల పల్లెలు పాతికేళ్ళు పల్లెలుగానే మిగిలాయంటే అది చిన్న సంగతి కాదు. కాని లోపల ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. పేదరైతు ఒక గది వేసుకోబోతే నిబంధన అడ్డం వచ్చింది. డబ్బున్నవారి తోట బంగళాలు, కాలేజీలు, పెళ్ళిళ్ళ హాళ్ళు మాత్రం లేచాయి. మా భూములకు విలువ లేకుండా పోయిందని ఆ పల్లెల రైతులు ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్నారు. చివరకు 2022 ఏప్రిల్‌లో 69వ నెంబరు ఉత్తర్వుతో ప్రభుత్వం ఆ ఆంక్షలను ఎత్తివేయడానికి పూనుకున్నది. ఇరవై ఆరేళ్ళు నిలిచిన గీత, మరొక కాగితంతో కదిలింది.

దీనిలో మనకు రెండు పాఠాలున్నాయి. వెనుక ఒక గట్టి కారణం ఉంటే, అందరికీ అర్థమయ్యే కారణం, తాగే నీళ్ళలాంటిది ఉంటే, గీత నిలుస్తుంది. ఆ గీత బరువంతా ఒక్కరి నెత్తిన పెడితే, ఆ ఒక్కరే ఒకనాటికి దాన్ని చెరిపేయమంటారు.

అమరావతి ప్రాంతంలోనూ ఇదే చూశాం. 2015 చివర రాజధాని ప్రాంతానికి ముసాయిదా ప్రణాళిక విడుదల చేసి, చుట్టుపక్కల భూములను వ్యవసాయ పరిరక్షణ మండలాలని గుర్తిస్తే, వద్దని మొదట లేచింది రైతులే. పైకి వింతగా కనబడుతుంది. పొలాన్ని కాపాడతామంటే రైతు వద్దంటాడా? ఎందుకు అనడు? పక్కవాడి భూమి కోట్లు పలుకుతుంటే, తన బిడ్డ పెండ్లికి, తన భార్య ఆపరేషనుకు తన భూమి మాత్రం ధర పలకకూడదంటే ఎవరు ఒప్పుకుంటారు? అందరి కోసం పచ్చగా ఉంచిన పొలానికి అందరూ కలిసి ఏదో ఒకటి చెల్లించాలి. అది లేకుండా రైతుకు ఉత్త నీతులు చెబితే చెవికెక్కవు.

ఇతర దేశాలవారు ఏం చేశారో కూడా కొంచెం చూద్దాం. లండను చుట్టూ పొలాలు, అడవులు కలిసిన ఒక ఆకుపచ్చని పట్టీని ఉంచాలని 1938లోనే చట్టం చేసుకున్నారు. ఆ పట్టీ నేటికీ ఉన్నది. ఊళ్ళు ఒకదానితో ఒకటి అతుక్కుపోకుండా అది ఆపింది. కాని లోపల ఇళ్ళ ధరలు పెరిగాయి. కొనలేనివారు పట్టీ దాటి అవతల ఊళ్ళలో కాపురాలు పెట్టి, రోజూ రైళ్ళలో వచ్చి పోతున్నారు. పట్టణం ఆగలేదు, కప్పగంతు వేసింది.

అమెరికాలో ఆరెగన్ రాష్ట్రంలో 1973లో చట్టం తెచ్చి, 1979లో పోర్ట్‌లాండ్ నగరం చుట్టూ హద్దు గీశారు. వారి పద్ధతిలో మెచ్చుకోవలసినది ఒకటున్నది. హద్దు లోపల రాబోయే ఇరవై ఏళ్ళకు సరిపడా ఇళ్ళ జాగా ఉండాలి. కొన్నేళ్ళకొకసారి అందరి ఎదుటా లెక్క చూసి, చాలకపోతే హద్దు జరుపుతారు. హద్దు బయట సేద్యం చేసుకునేవారికి పన్ను తక్కువ. అంటే, "ఇక్కడ కట్టవద్దు" అన్నవారే "ఇదిగో, ఇక్కడ కట్టుకోండి" అని చోటు చూపించారు. మనవాళ్ళు చాలాసార్లు వద్దన్న మాట చెబుతారు గాని, చోటు చూపరు. జీతగాడు, ఆటో నడుపుకునేవాడు, మా వదినెలాంటి గృహిణి, వీళ్ళు కొనగలిగిన ధరకు పట్టణం లోపల నూరు గజాలు దొరికితే, అవతలి పొలంలో రాళ్ళ నడుమ ఎందుకు కొంటారు చెప్పండి?

ఇక మన దగ్గర ఇంకొక అలవాటు. తప్పు జరగనిచ్చి, తరువాత రుసుము కట్టించుకుని సరిచేయడం. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేస్తామని ఉమ్మడి రాష్ట్రంలో 2007లో, తెలంగాణ వచ్చాక 2015లో, మళ్ళీ 2020లో పథకాలు పెట్టారు. 2020లో పెట్టినప్పుడు ఇరవై అయిదు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. మోసపోయి కొన్న సామాన్యులకు ఇది అవసరమే, కాదనను. మా వదినె కూడా అటువంటి దరఖాస్తుదారే. కాని ప్లాట్లు చేసి అమ్మి వెళ్ళిపోయినవాడు ఏ రుసుమూ కట్టలేదు, కొన్నవారు కట్టారు. పిల్లవాడు చేసిన అల్లరికి ప్రతిసారీ తల్లే దండుగ కట్టుకుంటూ పోతే వాడికి భయం ఎక్కడిది?

ఇప్పుడు మళ్ళీ మా జహీరాబాదుకు వద్దాం. ఇంతవరకు పట్టణాన్ని ఆపే గీత గురించి చెప్పాను. పట్టణాన్ని పిలిచే గీత కూడా ఒకటుంటుంది. మా పక్కనే న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో పదిహేడు గ్రామాల భూములు కలిపి, సుమారు 12,600 ఎకరాలను జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలంగా నిర్ణయించారు. జనం దాన్ని 'నిమ్జ్' అంటారు. 2016 జనవరిలో కేంద్రం తుది ఆమోదం ఇచ్చింది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఇక్కడ మొదటి దశగా 3,245 ఎకరాలలో, 2,361 కోట్ల రూపాయల అంచనాతో పారిశ్రామిక నగరానికి అనుమతినిచ్చింది.

పటం మీద ఇది కూడా ఒక రంగే. జొన్నచేను మీద పరిశ్రమ రంగు పడింది. ఒకసారి ఆ రంగు పడ్డాక చుట్టుపక్కల ఊళ్ళలో భూమి ధరలు, బోర్డులు, దళారులు అన్నీ వాటంతట అవే వస్తాయి. అందుకని, జోను అంటే పట్టణాన్ని ఆపేదేనని అనుకోకండి. పట్టణం ఎటు రావాలో చూపించేది కూడా అదే.

ఆ భూసేకరణ సమయంలో జరిగిన ఒక సంగతిని మనం మరవకూడదు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం 123వ నెంబరు ఉత్తర్వు తెచ్చి, రైతుల దగ్గర నేరుగా భూములు కొనసాగింది. పట్టా ఉన్నవారికి డబ్బు వచ్చింది. మరి పట్టా లేనివారు? కలుపుకు, కోతకు, కంది కొట్టడానికి పోయి బతికే కూలీలు? వాళ్ళ పేరు ఏ కాగితంలోనూ లేదు. ఈ ప్రాంతపు వ్యవసాయ కూలీలే హైకోర్టుకు వెళ్ళారు. 2016 ఆగస్టులో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఆ తరువాత కూడా వ్యాజ్యాలు నడిచాయి, భూసేకరణ వేరే దారుల్లో సాగింది. అయినా గుంటెడు భూమి లేని కూలివాళ్ళు లేచి, "ఆ పొలం మీద మా బతుకు కూడా ఉన్నది" అని న్యాయస్థానంలో చెప్పి, విననిచ్చేట్టు చేసుకున్నారు. ఆ మాట చిన్నది కాదు.

పటంలో భూమి కనబడుతుంది, సర్వే నెంబరు కనబడుతుంది, యజమాని పేరు కూడా తెలుసుకోవచ్చు. పొలం గట్టున మేసే మేక కనబడదు. పొయ్యిలోకి వచ్చే కందికట్టె కనబడదు. విత్తనం దాచిన బుట్ట కనబడదు. ఇవన్నీ ఆడవాళ్ళ లెక్కలోని వస్తువులు. అందుకే మనం నోరు విప్పకపోతే వాటి లెక్క ఎవరూ వేయరు.

నోరు విప్పినవారు మా దగ్గరే ఉన్నారు. పట్టణాన్ని ఆనుకునే పస్తాపూరు ఉన్నది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడిదే. ఆ సంఘాల స్త్రీలు, ఎక్కువమంది దళిత కుటుంబాలవారు, బీడుపడ్డ నేలలను బాగుచేసుకున్నారు. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, అనుము కలిపి ఒకే చేనులో పదీ పదిహేను రకాలు పండించుకున్నారు. విత్తనం బజారులో కొనరు, ఇంట్లో దాచుకుంటారు. ఏటా సంక్రాంతి రోజుల్లో ఆ విత్తనాలను ఎడ్లబండ్ల మీద అలంకరించి ఊరూరా పాతపంటల జాతర చేస్తారు. 2008 నుంచి మాచనూరులో వాళ్ళదే ఒక రేడియో ఉన్నది. మాట్లాడేదీ, నడిపేదీ వాళ్ళే. ఆ సంఘాల సేద్యానికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థవారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

ఇదంతా మండలాల విభజన ముచ్చటలో ఎందుకు చెబుతున్నావని అడగవచ్చు. భూమి అన్నం పెడుతున్నంతకాలం ఆడది దాన్ని అమ్మనివ్వదు. అప్పు పెరిగి, పంట పోయి, భూమి బీడుపడినప్పుడే దళారి ఇంటికి వస్తాడు. పొలానికి అన్నిటికన్నా గట్టి కాపలా గిట్టుబాటు అయ్యే సేద్యమే. పటం మీది ఆకుపచ్చ రంగు ఆ తరువాతిది. అయితే ఇక్కడ ఉన్నమాట కూడా చెప్పాలి. రోడ్డు పక్కన గజాల్లో పలికే ధరకు జొన్నలు ఏనాటికీ సాటిరావు. కనుక సేద్యం ఒక్కటే చాలదు, గీత కూడా కావాలి. గీత ఒక్కటే చాలదు, సేద్యమూ కావాలి. రెండూ తోడుంటేనే పొలం మిగులుతుంది.

"మేము చెబితే ఎవరు వింటారమ్మా" అని మీరు అనవచ్చు. కామారెడ్డి చూడండి. అక్కడ మునిసిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లానులో తమ పచ్చని పొలాలను పరిశ్రమల మండలంలో చేర్చారని తెలిసి, 2023 జనవరిలో రైతు కుటుంబాలు రోడ్డెక్కాయి. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ బాధే. ఆడవాళ్ళు, మగవాళ్ళు కలెక్టరు కచేరి ముందు కూర్చున్నారు. ఆ నెలలోనే మునిసిపల్ కౌన్సిలు సమావేశమై ఆ ముసాయిదాను వద్దని తీర్మానించింది. జగిత్యాలలోనూ ఆ రోజుల్లోనే ముసాయిదాను వెనక్కు తీసుకున్నారు. ముసాయిదా అంటే ఇంకా ఆరని సిమెంటు. తడి ఉన్నప్పుడు చెబితే మారుతుంది, ఆరిన తరువాత గడ్డపార కావాలి. కామారెడ్డిలో ఆ ముసాయిదా ప్రకటించిన మొదటి రోజే ప్రతి ఇంటికీ తెలిసి ఉంటే, అంత దూరం పోయేది కాదేమో!

కనుక సోదరీమణులారా, మనం చేయగలిగిన పనులు కొన్ని చెబుతాను. కష్టమైనవి కావు.

మీ ఊరికి, మీ పట్టణానికి మాస్టర్ ప్లాను ఉన్నదా, కొత్తది తయారవుతున్నదా, మునిసిపల్ కచేరిలో అడగండి. ముసాయిదా ప్రకటించినప్పుడు అభ్యంతరాలు చెప్పడానికి గడువు ఇస్తారు. ఆ పటం ఇంగ్లీషులో ఉంటే, తెలుగులో చెప్పమని అడగడం తప్పు కాదు. మీ సర్వే నెంబరు మీకు నోటికి రావాలి. పిల్లల పుట్టినరోజులు గుర్తుంటాయి కదా, ఇదీ అంతే. పటంలో ఆ నెంబరు మీద ఏ రంగు పడిందో చూడండి. నచ్చకపోతే కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటిమాట గాలికి పోతుంది. ఒక్కరే పోకండి, పొదుపు సంఘం మొత్తం పొండి. పదిమంది చీరెకొంగులు వరుసగా కనబడితే కుర్చీలో ఉన్నవారు తల ఎత్తుతారు.

ప్లాటు కొనేవారికి రెండు మాటలు. నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చుకున్నారని మాత్రమే. అది లేఅవుటు అనుమతి కాదు, ఇల్లు కట్టుకునే అనుమతీ కాదు. లేఅవుటుకు అనుమతి నెంబరు అడగండి. ఆ నెంబరు నిజమో కాదో మునిసిపల్ కచేరిలో కనుక్కోండి. అయిదువందల చదరపు మీటర్లు దాటిన భూమిని ప్లాట్లు చేసి అమ్మేవారు రెరాలో నమోదు చేసుకోవాలి, అదీ అడగండి. మాస్టర్ ప్లానులో ఆ భూమి ఏ మండలంలో ఉన్నదో చూసిన తరువాతే బయానా ఇవ్వండి. బోర్డు మీద రంగులు చూసి గాజులు తీయకండి. మా వదినె ఈ ముక్క మీకు తప్పకుండా చెప్పమన్నది.

అమ్మేవారికి ఒక మాట. అప్పు తీరడానికి అమ్ముతున్నామంటే, అప్పు తీరాక రేపు ఏం తింటామో కూడా అదే రాత్రి లెక్క వేయండి. సంతకం పెట్టే ముందు ఆ లెక్క ఇంట్లో ఆడవారు వేయాలి. పట్టా మీద మీ పేరు కూడా ఉంటే మీ లెక్క వినక తప్పదు. లేకపోతే మీకు తెలిసేసరికే రాళ్ళు పాతి ఉంటాయి.

మొదట అడిగిన ప్రశ్నకు ఇక జవాబు చెప్పి ముగిస్తాను. భూమిని మండలాలుగా విభజిస్తే పట్టణం పెరుగుదల ఆగుతుందా? ఒంటరి గీతతో ఆగదు. పొలాల మధ్య గట్టు ఎందుకు నిలుస్తుందో ఆలోచించండి. అది రాతిగోడ కాదు, మూరెడు మట్టి. ఒక్క వానకు కరిగేది. అయినా తరాలుగా నిలుస్తున్నది. ఎందుకు? రెండు వైపులా ఇద్దరు మనుషులు రోజూ చూస్తారు గనుక. ఒకడు అంగుళం జరిపితే రెండోవాడు అడుగుతాడు గనుక. వాన వెలిసిన మరునాడు ఇద్దరూ పార పట్టుకుని వస్తారు గనుక. పటం మీది గీత కూడా అంతే. దానికి అటూ ఇటూ ఉన్నవారికి అది తెలియాలి. కాపాడినవారికి ఫలితం దక్కాలి. జరిపినవాడిని అడిగేవాళ్ళుండాలి. అప్పుడు ఆగుతుంది. ఆగడమంటే పట్టణం పెరగకపోవడం కాదు, చోటు చూసుకుని, అడిగి, అడుగు వేయడం.

మొన్న ఆ అవ్వ కనబడితే, రేడియోలో భూమి గురించి మాట్లాడబోతున్నానని చెప్పాను. "మాట్లాడు బిడ్డా. నాకైతే ఎవ్వరు చెప్పలే. అడిగేటోళ్ళకన్న చెప్పు" అన్నది. ఆమె మాటే మీకు అప్పగిస్తున్నాను.